ఈ మాత్ర వేసుకోవచ్చా? – గర్భిణి అడిగే ప్రశ్న, మనం అడగాల్సిన ప్రశ్నలు

(గ్రామీణ మహిళా కార్యకర్తల ఆరోగ్య శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను 'గర్భిణీ స్త్రీలు – మందులు' అనే విషయం మీద మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. సమాజశాస్త్రంలో పరిశోధన చేసినదాన్ని. కాబట్టి ఏ మందు మంచిది, ఏ మందు చెడ్డది అన్న జాబితా ఇవ్వడానికి రాలేదు. అటువంటి జాబితా ఎవరిచ్చినా కొన్నాళ్లకే పాతబడుతుంది. అంతకంటే ముందున్న ప్రశ్న గురించి మాట్లాడదలచుకున్నాను. కడుపుతో ఉన్న స్త్రీ "ఈ మాత్ర వేసుకోవచ్చా?" అని అడిగితే ఆమెకు నమ్మదగిన జవాబు ఎక్కడ దొరుకుతుంది? దొరకకపోతే అందుకు కారణం ఎవరు?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. కొన్నేళ్ల కిందట పాలమూరు వైపు ఒక ఊళ్లో స్త్రీలతో మాట్లాడుతూ తిరుగుతున్నప్పుడు ఒకామె ఇంటికి వెళ్లాను. ఇరవై మూడేళ్లుంటాయి. పత్తి చేలల్లో కూలికి పోతుంది. చిన్నప్పటి నుంచి ఫిట్స్. మాత్రలు వాడుతోంది. అయిదో నెల గర్భిణి. ఊళ్లోని ఆర్.ఎం.పి. "కడుపుతో ఉన్నోళ్లు ఇవి వేసుకోవద్దు" అన్నాడు. మందుల షాపతను "ఏం కాదు, వేసుకో" అన్నాడు. ఆస్పత్రిలో డాక్టరు చీటీ మీద 'ఇవే కొనసాగించాలి' అని రాసి పంపించారు. ముగ్గురూ మూడు మాటలు చెప్పారు, ఎందుకో ఒక్కరూ చెప్పలేదు. అత్త "బిడ్డ మంచిగుండాలె, మానెయ్యి" అంది. మానేసింది. ఎనిమిదో రోజున వంట చేస్తుండగా ఫిట్స్ వచ్చి పొయ్యి మీద పడింది. నేను చూసేటప్పటికి కుడిచేతికి మోచేతి దాకా కట్టు ఉంది.

ఆమె నాకు నాలుగు మాత్రలున్న ముక్క ఒకటి చూపించింది. పేరు అచ్చువేసిన వైపు కత్తిరించి షాపతను ఇంకెవరికో అమ్మేశాడు. "మేడమ్, మీరు పెద్ద సదువు సదివిండ్రట గదా. మీరన్నా చెప్పుండ్రి, ఏసుకోవాల్నా, వద్దా?" అని అడిగింది. నాకు తెలియదు. అంతకంటే ఘోరమేమిటంటే, ఆమె మింగుతున్న మందు పేరేమిటో కూడా మా ఇద్దరికీ తెలియదు.

పేరు తెలియడం మొదటి హక్కు

పేరు ఎందుకంత ముఖ్యం? ఫిట్స్ మందులన్నీ ఒకటి కాదు. ఏ మందూ వేసుకోని స్త్రీలకు కూడా ప్రతి వంద కాన్పుల్లో రెండు మూడింటిలో బిడ్డకు ఏదో ఒక పెద్ద పుట్టు లోపం ఉంటుంది. వాల్‌ప్రొయేట్ అనే మందు గర్భంలో ఉండగా వాడితే ఆ సంఖ్య వందకు పది దాకా పోతుంది. వెన్నెముక సరిగా మూసుకోకపోవడం, గుండెలో లోపం వంటివి వస్తాయి. అదీగాక, ఆ మందు ప్రభావంలో పుట్టిన పిల్లల్లో వందకు ముప్ఫయి నుంచి నలభై మందికి మాటలు, నడక ఆలస్యం కావడం, చదువులో వెనకబడడం వంటి ఇబ్బందులు ఉంటున్నాయి. అదే జబ్బుకు ఇచ్చే లామోట్రిజిన్, లెవెటిరాసిటమ్ మామూలు మోతాదుల్లో పెద్ద పుట్టు లోపాలను పెంచడం లేదని 2021లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ తన సమీక్షలో తేల్చింది. అంటే 'ఫిట్స్ మాత్రలు వేసుకోవచ్చా' అన్న ప్రశ్నకు జవాబే లేదు. ఏ మాత్ర, ఎంత మోతాదు, ఎన్నో నెల అన్నవి తెలిస్తేనే జవాబు.

మందును ఒక్కసారిగా ఆపేయడం కూడా హానే. ఫిట్స్ తిరగబెడితే తల్లికీ, కడుపులో బిడ్డకూ ప్రాణాపాయం కావచ్చు. మందు మార్చాలన్నా, తగ్గించాలన్నా డాక్టరు పర్యవేక్షణలో, వీలైతే గర్భం రాకముందే చెయ్యాలి. "కడుపుతో ఉన్నావు, మందులు మానెయ్యి" అనేది జాగ్రత్త మాటలా వినిపిస్తుంది. కాని ఆ మాట అన్నవాడు జబ్బును లెక్కలోకి తీసుకోలేదు. జబ్బును మోస్తున్న స్త్రీని అసలే తీసుకోలేదు.

తెలిసీ చెప్పకపోవడం

వాల్‌ప్రొయేట్ వల్ల వెన్నెముక లోపాలు వస్తున్నాయని ఫ్రాన్స్‌లోని లియోన్ నగరం నుంచి మొదటి హెచ్చరిక వచ్చింది 1982లో. గర్భం రాకుండా తగిన ఏర్పాటు ఉంటే తప్ప పిల్లలు కనే వయసు స్త్రీలకు ఆ మందు రాయకూడదని బ్రిటన్‌లో కట్టుదిట్టమైన నియమం పెట్టింది 2018లో. మధ్యలో ముప్ఫయ్యారేళ్లు. అక్కడి ప్రభుత్వం వేసిన కంబర్లెజ్ సమీక్షా సంఘం 2020లో ఇచ్చిన నివేదిక నిండా ఉన్నది ఒకే మాట: స్త్రీలు చెప్పారు, ఎవరూ వినలేదు, స్త్రీలు అడిగారు, ఎవరూ చెప్పలేదు.

ఆ నివేదికే పరిశీలించిన మరో మందు కథ మన దేశానికి కూడా సంబంధించినది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లను ఎక్కువ మోతాదులో కలిపిన మందుల్ని నెల తప్పిన స్త్రీలకు పరీక్షగా ఇచ్చేవారు. వేసుకున్నాక బహిష్టు అయితే గర్భం లేనట్టు, కాకపోతే ఉన్నట్టు. బ్రిటన్‌లో ఇజబెల్ గాల్ అనే డాక్టరు 1967లోనే దీని మీద అనుమానం వ్యక్తం చేశారు. మూత్ర పరీక్ష అప్పటికే అందుబాటులో ఉంది. ఆ మందు ఎంత హాని చేసింది అన్నదాని మీద శాస్త్రజ్ఞుల మధ్య వాదం ఇప్పటికీ సాగుతోంది. కాని పరీక్షకు వేరే మార్గం ఉండగా, గర్భంతో ఉందేమో అన్న స్త్రీ చేత హార్మోన్లు మింగించడమెందుకు? 1967 తర్వాత ఆ పరీక్షలు అందుబాటులో ఉండకూడదని నివేదిక స్పష్టంగా చెప్పింది. బ్రిటన్‌లో ఆ మందు 1978 దాకా అమ్ముడుపోయింది.

మన దేశంలో అంతకంటే పదేళ్లు ఎక్కువ పట్టింది. 1982లో డ్రగ్స్ కంట్రోలర్ నిషేధ ఉత్తర్వు ఇస్తే కంపెనీలు హైకోర్టులకు వెళ్లి స్టే తెచ్చుకున్నాయి. గర్భం పోగొట్టుకోవడానికి కూడా ఈ మందులు పనికొస్తాయన్న అపోహతో అమ్మకాలు సాగాయి. వాలంటరీ హెల్త్ అసోసియేషన్, ఆలిండియా డ్రగ్ యాక్షన్ నెట్‌వర్క్, మెడికో ఫ్రెండ్ సర్కిల్ వంటి సంస్థలూ, మహిళా సంఘాలూ దేశమంతటా ప్రచారం చేశాయి. సుప్రీంకోర్టు దాకా వెళ్లాక 1987లో బహిరంగ విచారణలు జరిగాయి. మందు భద్రత గురించి మామూలు స్త్రీలూ, కార్యకర్తలూ నిపుణుల ఎదుట మాట్లాడగలిగిన అరుదైన సందర్భమది. 1988లో నిషేధం వచ్చింది.

మన హైదరాబాదులోనూ ఈ చరిత్ర ఉంది. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిమందు ప్రయోగానికి స్త్రీలను సమీకరించినప్పుడు, అది ప్రయోగమన్న సంగతి వాళ్లకు చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన బయటపెట్టింది. ఆ పోరాటమే 1986లో సుప్రీంకోర్టుకు చేరింది. కాబట్టి మందుల గురించి తెలుసుకోవడం డాక్టర్ల పని, మనకెందుకు అనుకోవడానికి లేదు. మన ముందు తరం కార్యకర్తలు అలా అనుకోలేదు.

అసలు తెలుసుకోకపోవడం

కొన్ని మందుల విషయంలో దాచడానికి కూడా సమాచారం ఉండదు. ఎందుకంటే ఎవరూ సేకరించలేదు. 1950ల చివర, 60ల మొదట్లో వేవిళ్లకూ, నిద్రకూ ఇచ్చిన థాలిడోమైడ్ వల్ల పలు దేశాల్లో సుమారు పది వేల మంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. దాని నుంచి నేర్చుకోవాల్సిన పాఠం 'గర్భిణుల విషయంలో జాగ్రత్తగా పరిశోధించాలి' అని. నేర్చుకున్న పాఠం 'స్త్రీలను పరిశోధనలోకి రానివ్వకూడదు' అని. 1977లో అమెరికా మందుల సంస్థ పిల్లలు కనే వయసు స్త్రీలను తొలి దశ ప్రయోగాల నుంచి తప్పించాలని మార్గదర్శకం ఇచ్చింది. 1993లో దాన్ని ఎత్తేసింది. గర్భిణులను మాత్రం ఇప్పటికీ చాలా ప్రయోగాల్లో బయటనే ఉంచుతున్నారు. మందు బజారులోకి వచ్చాక వాడేది మాత్రం వాళ్లే. రక్షణ పేరుతో ఆడదాన్ని గడప అవతల నిలబెట్టడం మనకు కొత్త కాదు. ఇక్కడ దాని ఫలితం ఏమిటంటే, మందు పెట్టెలో మడిచిపెట్టిన కాగితం మీద 'గర్భిణులలో భద్రత నిర్ధారణ కాలేదు' అన్న ఒక వాక్యం. అది సమాచారం కాదు. కంపెనీ తనను తాను కాపాడుకునే వాక్యం.

దీన్ని ఎదిరించిన స్త్రీలున్నారు. హెచ్.ఐ.వి.కి డోలుటెగ్రవిర్ అనే మంచి మందు వచ్చింది. 2018లో బోట్స్వానా దేశంలో, ఆ మందు వాడుతుండగా గర్భం దాల్చిన వారి 426 కాన్పుల్లో నలుగురు పిల్లలకు వెన్నెముక, మెదడు లోపాలు కనిపించాయి. వెంటనే పలు దేశాల్లో ఆ వయసు స్త్రీలందరికీ ఆ మందు ఆపేశారు. పిల్లలు వద్దనుకున్నవాళ్లకు కూడా! అదే సంవత్సరం జులైలో హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న ఆఫ్రికా స్త్రీలు కిగాలి నగరంలో సమావేశమై, ప్రమాదమెంతో మాకు చెప్పండి, కుటుంబ నియంత్రణ సౌకర్యాలివ్వండి, నిర్ణయం మేం తీసుకుంటామని ప్రకటించారు. మరిన్ని కాన్పుల లెక్కలు వచ్చేకొద్దీ ఆ ప్రమాదం తగ్గుతూ వచ్చి, చివరికి తేడా లేదని తేలింది. 2019లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును స్త్రీలతో సహా అందరికీ సిఫారసు చేసింది.

లెక్కలు రాయడం మన దేశంలోనూ సాధ్యమే. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ 1998 నుంచి ఫిట్స్ ఉన్న గర్భిణుల వివరాలను నమోదు చేస్తోంది. ఏ మందు వాడారు, బిడ్డ ఎలా పుట్టింది, తర్వాత ఎలా పెరిగింది అన్నవి రాస్తున్నారు. అటువంటి రిజిస్టర్లు మన రాష్ట్రాల్లోనూ కావాలని మనం అడగాలి.

భయం కూడా హాని చేస్తుంది

మందులన్నీ విషాలే అని ప్రచారం చెయ్యమని నేను చెప్పడం లేదు. దానివల్ల నష్టపోయేది కూడా స్త్రీలే. వేవిళ్లకు ఇచ్చే డాక్సిలమైన్, బి6 విటమిన్ కలిసిన మాత్ర మీద అమెరికాలో వందల కేసులు పడ్డాయి. హాని చేస్తుందని పరిశోధనల్లో తేలకపోయినా, వ్యాజ్యాల భారంతో 1983లో కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత అక్కడ తీవ్రమైన వాంతులతో ఆస్పత్రుల్లో చేరే గర్భిణుల సంఖ్య పెరిగింది. అదే కలయిక 2013లో మళ్లీ అమ్మకానికి వచ్చింది. ఆ మందుకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవాళ్లలో థాలిడోమైడ్ గురించి హెచ్చరించి పేరు పొందిన ఆస్ట్రేలియా డాక్టరు విలియం మెక్‌బ్రైడ్ కూడా ఉన్నాడు. వేరే ప్రయోగంలో లెక్కలు తారుమారు చేశాడని రుజువై 1993లో అతని వైద్య పట్టా రద్దయింది. ఒకసారి నిజం చెప్పినవాళ్లు ప్రతిసారీ నిజమే చెబుతారని లేదు. మనం నమ్మాల్సింది మనిషిని కాదు, ఆధారాన్ని.

2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు గర్భిణులు పారాసిటమాల్ వేసుకుంటే పిల్లలకు ఆటిజం వస్తుందన్నట్టు మాట్లాడాడు. స్వీడన్‌లో సుమారు 25 లక్షల మంది పిల్లల వివరాలతో చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే తల్లి బిడ్డలను పోల్చి చూసినప్పుడు అటువంటి సంబంధం కనిపించలేదు. ఎక్కువ జ్వరాన్ని అలాగే వదిలేయడం కూడా గర్భిణికి మంచిది కాదు. ఇక్కడ మన ఊళ్లలో నిజంగా గమనించాల్సింది ఇంకొకటి ఉంది. జ్వరం మాత్ర అనీ, ఒళ్లు నొప్పుల మాత్ర అనీ ఇచ్చేవాటిలో పారాసిటమాల్‌తో పాటు డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి కలిసి ఉంటున్నాయి. ఈ కోవకు చెందిన నొప్పి మందులు అయిదో నెల దాటాక వాడితే బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గవచ్చని 2020లో అమెరికా మందుల సంస్థ హెచ్చరించింది. పెద్ద దేశం నుంచి వచ్చిన భయం గురించి మాట్లాడుకుంటాం, మన చేతిలో ఉన్న మాత్ర వెనక ఏం రాసి ఉందో చూడం.

'ఇది ఇంగ్లీషు మందు కాదు, ఏమీ చెయ్యదు' అన్న మాటనూ ఇలాగే పరీక్షించాలి. 2011–12లో న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని తేలింది. అందరూ భారతదేశం నుంచి తెచ్చుకున్న ఆయుర్వేదం మందులు వాడుతున్నవారు. వారిలో అయిదుగురు మన దేశంలో పుట్టినవారే. పసరు మందైనా, పొడి అయినా, మగపిల్లవాడు పుట్టాలని మింగించే మందైనా ప్రశ్నలు మాత్రం అవే.

ఏం అడగాలి? ఎవరిని అడగాలి?

ఆ ప్రశ్నలేమిటో చెబుతాను, రాసుకోండి. ఒకటి, ఈ మందు అసలు పేరేమిటి? కంపెనీ పెట్టిన పేరు కాదు, లోపల ఉన్న మందు పేరు. రెండు, ఇప్పుడు ఎన్నో నెల? మొదటి మూడు నెలల ప్రమాదాలు వేరు, చివరి నెలలవి వేరు. మూడు, ప్రమాదం ఎంత? 'రెట్టింపు' అంటే చాలదు. ఒకటి రెండైనా రెట్టింపే, ఇరవై నలభై అయినా రెట్టింపే. వందమందిలో ఎంతమందికి అని అడగాలి. నాలుగు, ఈ సంగతి మనుషుల్లో చూసి చెబుతున్నారా, జంతువుల్లోనా? ఎప్పటి మాట? అయిదు, మందు వేసుకోకపోతే ఏమవుతుంది? అందరూ మరిచిపోయేది ఈ అయిదో ప్రశ్ననే.

ఏ, బి, సి, డి, ఎక్స్ అని గర్భిణులకు మందుల తరగతులు కొన్ని పుస్తకాల్లో కనిపిస్తాయి. అమెరికా 1979లో పెట్టిన ఆ పద్ధతిని, అది తప్పుదోవ పట్టిస్తోందని 2015 నుంచి అక్కడే వదిలేస్తూ వచ్చారు. ఒక్క అక్షరం చూపించి ఎవరైనా తీర్పు చెబితే ఒప్పుకోకండి. బ్రిటన్, అమెరికాలలో గర్భిణులకూ డాక్టర్లకూ ఈ విషయాల్లోనే సలహా ఇచ్చే ప్రత్యేక కేంద్రాలున్నాయి. మనకు దగ్గరలో ఉన్నది ప్రభుత్వ వైద్య కళాశాలలోని ఫార్మకాలజీ విభాగం. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే కేంద్రాలు చాలావరకు అక్కడే ఉంటాయి. 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 1800-180-3024 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేసి దుష్ప్రభావాన్ని తెలియజేయవచ్చు. డాక్టరే చెప్పాలని లేదు, వాడిన స్త్రీ చెప్పవచ్చు. ఈ సంగతి ఎంతమంది ఆశా కార్యకర్తలకు తెలుసు?

చట్టం కూడా కొంత మన వైపు ఉంది. చికిత్సకు ఒప్పుకునే ముందు రోగికి తగినంత సమాచారం ఇవ్వాలని సమీరా కోహ్లి కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. మందు అసలు పేరును చదవడానికి వీలుగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్యుల నియమావళిని 2016లో సవరించారు. చీటీ చదవలేకపోవడం మన చదువు తక్కువతనం కాదు.

మీ సంఘాల్లో మూడు పనులు మొదలుపెట్టమని కోరుతున్నాను. ఫిట్స్, బి.పి., షుగర్, థైరాయిడ్, మానసిక వ్యాధులకు రోజూ మందులు వాడే స్త్రీలు ఎవరో గర్భం రాకముందే తెలుసుకుని, డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు రాసిచ్చి, తోడు వెళ్లండి. గర్భిణి కార్డులోనే ఆమె వాడే ప్రతి మందు పేరూ రాయించండి. పేరు లేకుండా కత్తిరించిన మాత్రలు ఇవ్వవద్దని, ఇస్తే కాగితం మీద పేరు రాసివ్వాలని ఊళ్లోని షాపులతో మాట్లాడండి. ఖర్చులేని పనులివి. తెలుగులో గర్భిణులకు మందుల సలహా ఇచ్చే ప్రభుత్వ కేంద్రం కోసం పెద్ద పోరాటం ఎలాగూ చెయ్యాల్సిందే.

ఆ పాలమూరు అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. వారం తర్వాత ఆమెతో కలిసి షాపుకు వెళ్లి నిండు అట్ట చూపించమన్నాం. వాల్‌ప్రొయేట్. నగరంలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన మంచివాడే, అరగంట కూర్చోబెట్టి చెప్పారు. బిడ్డ అవయవాలు ఏర్పడే కాలం అప్పటికే దాటిపోయింది. మోతాదు సరిచేసి, మెల్లగా వేరే మందుకు మార్చారు. బిడ్డ పుట్టింది. మాటలు కొంచెం ఆలస్యంగా వచ్చాయి. "మందు వల్లనేనా?" అని ఆమె నన్ను అడిగింది. ఒక బిడ్డ విషయంలో అది ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేదు. అప్పుడామె అన్న మాట నా నోటుపుస్తకంలో ఉంది:

"ఇచ్చినోళ్లు చెప్పలే, ఆపమన్నోళ్లు చెప్పలే. చెప్తే నేనేం చేస్తుంటినో నాకు తెల్వదు మేడమ్. కాని చేసేది నేను గదా."